మచ్చికకూ అదను ఉంది: వయసుతో పాటు పిల్లికూనలో పెరిగే మానవ స్నేహం

వ్యవసాయంలో అదను అనే మాటకు ఉన్న విలువ ఈ పత్రిక పాఠకులకు వివరించనవసరం లేదు. విత్తనం మేలైనదైనా, నేల సారవంతమైనదైనా, అదను తప్పిన విత్తు ఆశించిన ఫలితం ఇవ్వదు. పశుపోషణలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పుట్టిన దూడకు తొలి గంటల్లోనే జున్నుపాలు తాగించాలని ప్రతి శిక్షణ తరగతిలోనూ చెబుతున్నాము. గంటలు గడిచేకొద్దీ దూడ పేగులు ఆ పాలలోని రోగనిరోధక పదార్థాలను నేరుగా గ్రహించే శక్తిని కోల్పోతాయి. మరునాడు రెట్టింపు తాగించినా ఆ నష్టం పూడదు. శరీరానికి ఇటువంటి అదను ఉన్నదని అంగీకరించిన మనము, జంతువు స్వభావానికి కూడా అటువంటి అదను ఉంటుందన్న విషయాన్ని విస్తరణ సందేశాలలో చేర్చలేదు. పిల్లికూన మనుషుల పట్ల పెంచుకునే ఆప్యాయత ఇందుకు స్పష్టమైన ఉదాహరణ.

పిల్లి గురించి వ్యవసాయ విశ్వవిద్యాలయ పత్రికలో అభిప్రాయ వ్యాసం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. పాలు, మాంసం, గుడ్లు ఇవ్వని జంతువు కావడం వల్ల పిల్లి మన పాఠ్యాంశాలలోనూ, క్షేత్ర సందర్శనలలోనూ కనిపించదు. కాని గాదె ఉన్న ప్రతి ఊరిలోనూ పిల్లి ఉంది. మానవుడికీ పిల్లికీ మధ్య సంబంధం ఏర్పడినదే ధాన్యపు నిల్వల దగ్గర. పశ్చిమాసియాలో తొలి వ్యవసాయ గ్రామాల ధాన్యాన్ని ఆశ్రయించిన ఎలుకలను వెతుక్కుంటూ వచ్చిన అడవిపిల్లే నేటి పెంపుడు పిల్లికి పూర్వజమని జన్యు పరిశోధనలు నిర్ధారించాయి. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 సంవత్సరాల నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లిని పాతిపెట్టిన ఆనవాళ్ళు లభించాయి. ఈ సంబంధం వ్యవసాయంతో పుట్టినది. కనుక దాని గురించి మాట్లాడే బాధ్యత మనకు కూడా ఉంది.

నేను ఇచ్చిన తప్పు సలహా

ఈ వ్యాసానికి ప్రేరణ నా సొంత పొరపాటు. కొన్నేళ్ళ క్రితం గోదావరి డెల్టాలోని ఒక గ్రామంలో ధాన్యం నిల్వలో ఎలుకల నివారణపై మహిళా రైతులతో సమావేశం జరిపాము. విషపు ఎరల మోతాదు గురించి చెప్పి ముగించబోతుండగా ఒక మహిళా రైతు లేచి ఇలా అడిగారు: "సారూ, మా కొట్టులో పిల్లి ఈనిందండి. మూడు కూనలండి. మనిషి అలికిడైతే చాలు, గోనెల కిందికి దూరిపోతున్నాయండి. ఎప్పుడు ఇచ్చేస్తే తీసుకెళ్ళినవాళ్ళింట్లో మచ్చికవుతాయండి?"

ఆ ప్రశ్నకు నా దగ్గర సిద్ధమైన సమాధానం లేదు. అయినా లేదని చెప్పలేకపోయాను. "ఎంత చిన్నప్పుడు ఇచ్చేస్తే అంత మంచిదమ్మా. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు కదా" అని సామెతతో ముగించాను. ఆమె నా మాట నమ్మి, నాలుగో వారం నిండీ నిండకుండానే కూనలను మూడు ఇళ్ళకు పంచారు. తరువాతి సందర్శనలో విచారిస్తే, ఒక కూన ఆవుపాలు పట్టక విరేచనాలతో చనిపోయిందని తెలిసింది. రెండవది ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. మూడవది బతికింది, కాని ఎత్తుకున్న ప్రతిసారీ కరిచేది. ఆ ఇంటి చిన్నపిల్లవాడికి కాటు పడి, రేబిస్ నివారణ టీకాల కోసం ఆసుపత్రి చుట్టూ తిరగవలసి వచ్చింది.

సామెతలో తప్పు లేదు. దానిని నేను అర్థం చేసుకున్న తీరులో తప్పుంది. "చిన్న వయసులో మనిషికి అలవాటు చేయడం", "చిన్న వయసులో తల్లి నుంచి వేరు చేయడం" అనే రెండు వేర్వేరు పనులను నేను ఒకటిగా భావించాను. మొదటిది కూనకు మేలు చేస్తుంది. రెండవది హాని చేస్తుంది. ఈ తేడాను క్షేత్రస్థాయికి చేర్చడమే ఈ వ్యాస ఉద్దేశం.

తొలి వారాలలో కూన ఎదుగుదల

పుట్టినప్పుడు పిల్లికూన బరువు సుమారు 100 గ్రాములు. కళ్ళు మూసుకుని ఉంటాయి, చెవులు సరిగా వినిపించవు. తన శరీర ఉష్ణోగ్రతను తానే నిలుపుకోలేదు. వాసన, స్పర్శ, వెచ్చదనం ఆధారంగానే తల్లి పొదుగును వెతుక్కుంటుంది. తల్లి మెడపై చర్మాన్ని నోట కరచి ఎత్తగానే కాళ్ళు ముడుచుకొని కదలకుండా వేలాడుతుంది. శరణాగతిని వివరించడానికి మన పెద్దలు చెప్పే మార్జాల కిశోర న్యాయం ఈ దృశ్యం నుంచే వచ్చింది. ఈ దశలో కూనకు మనిషంటే భయమూ లేదు, ప్రేమా లేదు. దాని లోకమంతా తల్లే.

సాధారణంగా 7 నుంచి 10 రోజుల మధ్య కళ్ళు తెరుచుకుంటాయి. రెండో వారం ముగిసేసరికి శబ్దం వచ్చిన వైపు తల తిప్పగలుగుతుంది. మూడో వారంలో తడబడుతూ నడుస్తుంది. నాలుగో వారానికి తోబుట్టువులతో ఆటలు మొదలవుతాయి. తల్లి వేటాడిన ఎలుకను తెచ్చి కూనల ముందు పెట్టడమూ ఇంచుమించు అప్పుడే మొదలవుతుంది. అయిదు, ఆరు వారాలకు పరుగు, దూకుడు, కొత్తవాటి పట్ల జాగ్రత్త కనిపిస్తాయి. ఏడెనిమిది వారాలకు పాలు మానుతుంది.

ఈ క్రమంలో గమనించదగిన విషయం ఒకటి ఉంది. ఇంద్రియాలు పనిచేయడం మొదలైన తరువాత, భయం బలపడే లోపు కొద్ది వారాల వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో కూన చుట్టూ ఉన్నవాటిని చూసి, వాసన పట్టి, ఏవి తనవో నిర్ణయించుకుంటుంది. అప్పుడు మనిషి స్పర్శ, గొంతు, వాసన దాని అనుభవంలో ఉంటే మనిషి "తనవారి" జాబితాలో చేరతాడు. లేకపోతే తరువాత ఎదురైన మనిషి పెద్ద శత్రువుగానే కనిపిస్తాడు. ప్రవర్తనా శాస్త్రంలో దీనిని సున్నిత దశ అంటారు.

ప్రయోగాలు నిరూపించినది

పిల్లిలో ఈ దశ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో నిర్ధారించడంలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఉన్న టెంపుల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఐలీన్ కార్ష్ 1980వ దశకంలో చేసిన పరిశోధనలు ముఖ్యమైనవి. ఆమె కూనలను మూడు వర్గాలుగా విభజించారు. మొదటి వర్గాన్ని మూడో వారం నుంచి 14వ వారం వరకు, రెండో వర్గాన్ని ఏడో వారం నుంచి 14వ వారం వరకు రోజూ 15 నిమిషాలు మనుషులు ఎత్తుకుని నిమిరారు. మూడో వర్గాన్ని ఎత్తుకోలేదు. తరువాత ప్రతి కూననూ ఒడిలో పెట్టుకున్నప్పుడు ఎంతసేపు ఉంటుందో, గదిలో కూర్చున్న మనిషి దగ్గరకు ఎంత త్వరగా వస్తుందో కొలిచారు.

మూడో వారం నుంచి మనిషి స్పర్శ ఎరిగిన కూనలు ఒడిలో ఎక్కువ సేపు ఉన్నాయి, త్వరగా దగ్గరకు వచ్చాయి. ఏడో వారం నుంచి అలవాటు చేసిన కూనల ప్రవర్తన మాత్రం అసలు ఎత్తుకోని వాటికి దగ్గరగా ఉంది. దీనిని బట్టి పిల్లిలో సున్నిత దశ రెండో వారం నుంచి ఏడో వారం వరకు ఉంటుందని కార్ష్ ప్రతిపాదించారు. రోజుకు 15 నిమిషాలకు బదులు 40 నిమిషాలు కేటాయించినప్పుడు స్నేహభావం ఇంకా పెరిగిందని కూడా ఆమె గమనించారు.

ఇక్కడ కుక్కతో పోల్చి చూడడం అవసరం. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అమెరికాలో దీర్ఘకాలం జరిపిన పరిశోధనలను 1965లో గ్రంథ రూపంలో వెలువరించారు. వాటి ప్రకారం కుక్కపిల్లలో ఈ దశ సుమారు మూడో వారం నుంచి 12వ వారం వరకు సాగుతుంది. అంటే రెండు నెలల కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకున్నవారికి దానిని మచ్చిక చేసుకునే అదను ఇంకా కొంత మిగిలి ఉంటుంది. రెండు నెలల పిల్లికూనను తెచ్చుకున్నవారికి ఆ అదను చాలావరకు గడిచిపోయి ఉంటుంది. కుక్కకు విశ్వాసముంది, పిల్లికి లేదు అన్న లోకాభిప్రాయంలో జాతి స్వభావం పాత్ర కొంత ఉన్నా, ఈ కాలపు తేడా పాత్ర కూడా తక్కువ కాదని నా అభిప్రాయం. పిల్లిని మనం ఆలస్యంగా పలకరించి, అది పలకలేదని నిందిస్తున్నాము.

ఎవరు ఎత్తుకున్నారన్నదీ లెక్కలోకి వస్తుంది. ఒకే వ్యక్తి చేతుల్లో పెరిగిన కూన ఆ వ్యక్తికి బాగా దగ్గరవుతుంది. అయిదుగురు మార్చి మార్చి ఎత్తుకున్న కూన కొత్తవారిని చూసి తక్కువగా భయపడుతుంది. 1967లో ప్రచురితమైన కొల్లార్డ్ అధ్యయనం ఈ విషయాన్ని చూపింది. వేరే ఇంటికి వెళ్ళవలసిన కూనకు ఈ రెండవ గుణమే ఎక్కువ అవసరం.

తండ్రి నుంచి వచ్చే ధైర్యం

స్వభావమంతా పెంపకంతోనే వస్తుందని చెప్పడం కూడా సరికాదు. 1995లో సాండ్రా మెక్యూన్ ప్రచురించిన పరిశోధనలో స్నేహశీలి అయిన గండుపిల్లికి పుట్టిన కూనలను, అటువంటి స్వభావం లేని గండుపిల్లికి పుట్టిన కూనలను తీసుకుని, ప్రతి వర్గంలోనూ కొన్నింటికి రెండో వారం నుంచి 12వ వారం వరకు మనుషుల అలవాటు చేశారు. ఏడాది వయసులో పరీక్షించినప్పుడు మనుషుల అలవాటు ఉన్న పిల్లులు మనిషి దగ్గరకు త్వరగా వచ్చి ఒళ్ళు రాసుకున్నాయి. స్నేహశీలి అయిన తండ్రి సంతానమూ అలాగే ప్రవర్తించింది. ఆ సంతానం కొత్త వస్తువును చూసి కూడా తక్కువగా బెదిరింది. అలవాటు చేయడం వల్ల మాత్రం వస్తువుల పట్ల ధైర్యం పెరగలేదు. అంటే తండ్రి నుంచి సంక్రమించేది మొత్తంమీద ధైర్యం. పెంపకం వల్ల వచ్చేది ప్రత్యేకంగా మనిషి పట్ల నమ్మకం.

కూనల పెంపకంలో తండ్రి పాలుపంచుకోదు గనుక ఇది చూసి నేర్చుకున్న గుణం కాదు, జన్యుపరమైనదే. పశుప్రజననంలో ఆబోతు ఎంపిక ప్రాముఖ్యం ఎరిగిన మన విద్యార్థులకు ఇది ఆశ్చర్యం కలిగించదు. అయితే ఊరి గండుపిల్లిని ఎంపిక చేసే అవకాశం రైతు కుటుంబానికి లేదు. వారి చేతిలో ఉన్నది రెండు నుంచి ఏడు వారాల కాలమే.

తల్లిని వదిలే వయసు వేరు

నేను చేసిన పొరపాటు ఇక్కడే ఉంది. సున్నిత దశ ఏడో వారంతో ముగుస్తుందని చెప్పగానే, అయితే అయిదో వారంలోనే కూనను తెచ్చుకుందామని వినేవారికి తోచడం సహజం. 2017లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఈ ఆలోచనను ఖండిస్తుంది. సుమారు 5,700 పిల్లుల సమాచారాన్ని విశ్లేషించినప్పుడు, ఎనిమిది వారాల లోపు తల్లిని వదిలిన పిల్లులలో దూకుడు ఎక్కువగా కనిపించింది. 14 వారాలు, ఆ పైన తల్లి వద్ద ఉన్నవాటిలో సమస్యలు తగ్గాయి.

కారణం ఊహించదగినదే. ఎంత గట్టిగా కరిస్తే తోబుట్టువు ఆట మానేస్తుందో, తల్లి ఎప్పుడు పంజాతో అదలిస్తుందో కూన నేర్చుకునేది ఆ వారాల ఆటలోనే. ఆ పాఠం లేని కూన మనిషి చేతిని కూడా ఆటవస్తువుగానే చూస్తుంది. ఎలుకను పట్టడంలోని మెలకువలు కూడా తల్లి తెచ్చిన వేట దగ్గరే అలవడతాయి. గాదె కాపలా కోసం పిల్లిని తెచ్చుకునే రైతు, కూనను తొందరగా వేరు చేసి తనకు కావలసిన గుణాన్నే పోగొట్టుకుంటున్నాడు.

కనుక సందేశం రెండు భాగాలుగా ఉండాలి. మనిషి స్పర్శ రెండో వారం నుంచి మొదలు కావాలి. తల్లి సాహచర్యం కనీసం ఎనిమిదో వారం దాటే వరకు, వీలైతే మూడు నెలల వరకు కొనసాగాలి. ఈ రెండూ ఒకేసారి సాధ్యపడే చోటు ఒక్కటే: కూన పుట్టిన ఇల్లు.

మూడు నెలల తరువాత

వయసుతో ఆప్యాయత పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది తరచుగా ఎదురయ్యే ప్రశ్న. మూడు నెలల తరువాత దాని పునాది పెద్దగా మారదు. వ్యక్తమయ్యే రూపం మారుతుంది.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో మూడు నుంచి ఎనిమిది నెలల కూనలను పెంచేవారితో రెండు నిమిషాలు గదిలో ఉంచి, తరువాత రెండు నిమిషాలు ఒంటరిగా వదిలి, మళ్ళీ పెంచేవారు వచ్చినప్పుడు కూన ఏమి చేస్తుందో గమనించారు. వర్గీకరించిన 70 కూనలలో 64.3 శాతం, మనిషి రాగానే కుదుటపడి, అతనిని పలకరించి, తిరిగి గదిని పరిశీలించడం మొదలుపెట్టాయి. తల్లి మీద భరోసా ఉన్న పసిపిల్లలలో కనిపించే లక్షణం ఇదే. ఆరు వారాల శిక్షణ తరువాత మళ్ళీ పరీక్షించినా ఈ నిష్పత్తిలో చెప్పుకోదగిన మార్పు లేదు. పెద్ద పిల్లులలోనూ దాదాపు ఇదే నిష్పత్తి కనిపించింది. మూడు నెలలకు ముందు ఏర్పడిన అనుబంధం తరువాత నిలకడగా ఉంటుందన్న మాటకు ఇది బలం చేకూరుస్తుంది.

నాలుగు, అయిదు నెలల వయసులో కూన ఆటల మీద ఎక్కువ ధ్యాస పెడుతుంది. ఒడిలో నిలవదు. ఆరు నెలల ప్రాంతంలో యుక్తవయసు వస్తుంది. మగవి ఇల్లు వదిలి తిరుగుతాయి, ఆడవి జోడు కోసం అరుస్తాయి. చాలామంది ఈ దశలో "పిల్లి మారిపోయింది, ప్రేమ పోయింది" అని విసుగు చెంది వదిలేస్తారు. నిజానికి ఇది శరీర ధర్మం. సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించి, పలకరింపు మానకుండా ఉంటే ఏడాది దాటాక పిల్లి మళ్ళీ స్థిమితపడుతుంది.

పెద్దదైన పిల్లి చూపే ఆప్యాయతలో కూనతనం జాడలు మిగిలే ఉంటాయి. ముందుకాళ్ళతో ఒడిని మెత్తగా నొక్కడం పాల కోసం తల్లి పొట్టను నొక్కిన అలవాటు. తోక నిటారుగా ఎత్తి ఎదురు రావడం కూన తల్లిని పలకరించే పద్ధతి. పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి మ్యావు మనడం అరుదు. ఆ పిలుపును అవి ఎక్కువగా మనిషి కోసం దాచుకుంటాయి. మచ్చికైన పిల్లి మనిషిని తల్లి స్థానంలో నిలుపుకుంటుందని చెప్పడం కవిత్వం కాదు, పరిశీలనే.

ఏడు వారాలు దాటిన కూన ఎప్పటికీ మచ్చిక కాదని దీని అర్థం కాదు. వేళకు ఆహారం పెట్టి, వెంటపడకుండా ఓపికగా కూర్చునే మనిషికి వీధిపిల్లి కూడా దగ్గరవుతుంది. అయితే దానికి వారాలకు బదులు నెలలు పడుతుంది. ఆ నమ్మకం తరచుగా ఆ ఒక్క మనిషి దగ్గరే ఆగిపోతుంది. అదను తప్పిన పంట అసలే పండదని మనం చెప్పము; ఖర్చు పెరిగి దిగుబడి తగ్గుతుందని చెబుతాము. ఇదీ అంతే.

బాధ్యత ఎవరిది?

ఇంతవరకు చెప్పినదాని నుంచి విస్తరణ శాస్త్రవేత్తలకు ఉపయోగపడే సారాంశం ఒకటే. పిల్లికూన స్వభావాన్ని తీర్చిదిద్దేది దానిని పెంచుకునే ఇల్లు కాదు, అది పుట్టిన ఇల్లు. కూనను తీసుకువెళ్ళేవారికి మనం ఎన్ని సూచనలు ఇచ్చినా అప్పటికే కాలం గడిచిపోయి ఉంటుంది. ఎవరి గాదెలో, ఎవరి అటకపై పిల్లి ఈనిందో వారికి ఆ రెండో వారంలోనే సలహా అందాలి. ఇది విస్తరణలో అరుదైన పరిస్థితి: లాభం పొందేది ఒక కుటుంబం, పని చేయవలసినది మరొక కుటుంబం. అందువల్లనే ఎవరూ దీనిని తమ పనిగా భావించరు. కూనలు గోనెసంచిలో ఊరి చివరకు చేరడానికి ఈ ఖాళీయే ఒక ముఖ్య కారణమని నేను నమ్ముతున్నాను. భయపడే కూనను తీసుకునేవారు ఉండరు. తీసుకునేవారు లేని కూనను వదిలేస్తారు. వదిలేసిన కూన బతికితే మనిషికి అందని పిల్లిగా పెరిగి, మళ్ళీ ఎవరి గాదెలోనో ఈనుతుంది.

ఈ వలయంలో నష్టం పిల్లికి మాత్రమే పరిమితం కాదు. మచ్చిక కాని పిల్లిని పట్టుకోలేము. పట్టుకోలేని పిల్లికి రేబిస్ టీకా వేయించలేము, శస్త్రచికిత్స చేయించలేము. ఎలుకల కోసం విషపు ఎర పెట్టిన రోజుల్లో దానిని గదిలో కట్టడి చేయలేము. బ్రోమోడయోలోన్ వంటి మందు తిన్న ఎలుకను పిల్లి తింటే ఆ విషం పిల్లికీ సోకుతుంది. ఆప్యాయత ఇక్కడ ముద్దుముచ్చట మాత్రమే కాదు; పశువైద్యుని చేయి ఆ జంతువు వరకు చేరడానికి అదే దారి.

రెండు సందేహాలు

ముద్దు చేసిన పిల్లి ఎలుకలను పట్టదన్నది గ్రామాల్లో బలమైన నమ్మకం. వేట పిల్లికి ఆకలితో మాత్రమే ముడిపడిన పని కాదు. కడుపు నిండిన పిల్లి కూడా కదిలే ఎలుక వెంటపడుతుంది. వేట నేర్పు తల్లి వద్ద గడిపిన వారాలపై ఆధారపడుతుంది, మనిషి ఒడిలో గడిపిన నిమిషాలపై కాదు. అయితే పిల్లి చిన్న ఎలుకలనే ఎక్కువగా పడుతుంది. బలిసిన పందికొక్కు జోలికి వెళ్ళదు. ఎలుకల సమగ్ర యాజమాన్యానికి పిల్లి తోడు కాగలదే గాని ప్రత్యామ్నాయం కాదని స్పష్టంగా చెప్పాలి.

రెండవ సందేహం ఆరోగ్యానికి సంబంధించినది, తీసివేయదగినది కాదు. కూనలను ఎత్తుకోమని చెబితే గోళ్ళు గీరుకోవడం, కాటు పడడం జరగవచ్చు. పిల్లి ద్వారా కూడా రేబిస్ సోకుతుంది. పిల్లలు కూనలను పెద్దల సమక్షంలోనే ఎత్తుకోవాలి. గాయమైతే వెంటనే సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాల పాటు కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. కూనలకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలి. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలం ద్వారా వ్యాపించగలదు కనుక గర్భిణులు దానిని శుభ్రం చేసే పనికి దూరంగా ఉండాలి. ఈ జాగ్రత్తలు చెప్పకుండా మచ్చిక గురించి మాత్రమే చెబితే అది అరకొర సలహా అవుతుంది. అరకొర సలహా వల్ల జరిగే కీడు ఏమిటో నేను ఒకసారి చూశాను.

మనం చేయదగినది

ఇందుకు కొత్త పథకం గాని, నిధులు గాని అక్కరలేదు. కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు ధాన్యం నిల్వపై జరిపే శిక్షణలో పది నిమిషాలు కేటాయిస్తే చాలు. సందేశం ఇలా ఉండవచ్చు.

మొదటి రెండు వారాలు తల్లినీ కూనలనూ కదిలించవద్దు. పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందన్న మాట ఊరికే పుట్టలేదు. అలజడి కలిగితే తల్లి కూనలను మరో చోటికి మారుస్తుంది, అప్పుడు మన అదను కూడా దానితో పాటే పోతుంది. రెండో వారం నిండిన తరువాత తల్లికి తిండి పెట్టి, దాని నమ్మకం పొంది, రోజూ ఒక్కొక్క కూననూ కొద్ది నిమిషాలు చేతిలోకి తీసుకోవాలి. క్రమంగా ఆ సమయాన్ని అరగంట దాకా పెంచాలి. ఇంట్లోని ఆడవారు, మగవారు, పిల్లలు, పొరుగువారు అందరూ పాల్గొనాలి. చేతి వేళ్ళతో కొట్లాట ఆడరాదు. ఆటకు తాడుముక్క చాలు. ఎనిమిది వారాలు దాటే వరకు కూనను ఎవరికీ ఇవ్వరాదు. ఇచ్చేటప్పుడు అది పడుకున్న గుడ్డముక్కను కూడా ఇస్తే పరిచయమైన వాసన కొత్త ఇంట్లో తోడుగా ఉంటుంది.

విద్యార్థులకు మరొక సూచన. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో మీరు నెలల తరబడి ఊళ్ళో ఉంటారు. పైన చెప్పిన ప్రయోగాలు ప్రయోగశాలల్లో, పరాయి దేశాల ఇళ్ళలో జరిగినవి. సగం ఇంటిదిగా, సగం వీధిదిగా బతికే మన ఊరి పిల్లి గురించి రాయగల స్థానంలో మీరున్నారు. మీరున్న ఊరిలో పిల్లి ఎక్కడ ఈనింది, కూనలను ఎవరు, ఏ వయసులో ఎత్తుకున్నారు, ఏ వయసులో ఇచ్చారు, ఏడాది తరువాత అవి ఎక్కడ ఉన్నాయి అని ఒక పుస్తకంలో నమోదు చేయండి. అందుకు పరికరాలు అవసరం లేదు, ఓపిక ఉంటే చాలు. పశువైద్య విద్యార్థులు, సామాజిక విజ్ఞాన విద్యార్థులు కలిసి పనిచేస్తే ఆ నమోదు మంచి అధ్యయనం కాగలదు.

రైతు అడిగే ప్రశ్న మన పాఠ్యాంశంలో లేదని దానిని చిన్నదిగా చూడడం మనలో చాలామందికి ఉన్న అలవాటు. నేనూ అలాగే చూశాను. ఆమె అడిగిన ప్రశ్నకు సరైన జవాబు అప్పటికే పుస్తకాలలో ఉంది, నేను వెతకలేదు. "కూనలను ఇప్పుడే ఇవ్వకండమ్మా. తల్లి దగ్గరే ఉంచి, మీరే రోజూ కాసేపు ఎత్తుకోండి" అని చెప్పి ఉంటే సరిపోయేది. ఆ గ్రామానికి తరువాత వెళ్ళినప్పుడు ఆమెతో ఈ మాట చెప్పి, నా సలహా తప్పని ఒప్పుకున్నాను. ఆమె కొట్టులో అదే పిల్లి మళ్ళీ ఈని ఉంది. కూనలు కళ్ళు తెరిచి అప్పటికి నాలుగు రోజులు.